నిలకడ అంటే కదలకపోవడం కాదు

బంధం అన్న మాటని సాహిత్యంలో మనం ముడి అన్న అర్థంలోనే చదువుతూ వచ్చాం. వివాహబంధం, రక్తబంధం. తెగితే స్వేచ్ఛ, తెగకపోతే చెర. ఘనపదార్థాల గురించి చదివినప్పుడు నాకు ఇదే మాట మరోలా ఎదురైంది.

రెండు పరమాణువులు కాస్త దూరంగా ఉంటే ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మరీ దగ్గరైతే తోసుకుంటాయి. లాగుడూ తోపుడూ సరితూగే దూరం ఒకటుంటుంది. అక్కడ వాటి స్థితిజశక్తి అతి తక్కువ. అక్కడినుంచి విడదీయాలన్నా, ఇంకా దగ్గరికి నెట్టాలన్నా బయటినుంచి శక్తి ఖర్చుపెట్టాలి. ఆ దూరమే బంధం పొడవు. అక్కడ కూడా పరమాణువులు కదలకుండా కూర్చోవు, కంపిస్తూనే ఉంటాయి. దగ్గరికి నెట్టడం కంటే దూరం జరపడం తేలిక కాబట్టి, వేడెక్కినకొద్దీ వాటి సగటు దూరం పెరుగుతుంది. ఎండకి రైలుపట్టాలు సాగేది ఇందుకే.

ఈ దూరాల్ని కొలిచినవాళ్లలో కాథ్లీన్ లాన్స్‌డేల్ ఒకరు. 1903లో ఐర్లండ్‌లో, పదిమంది పిల్లల్లో చివరిదానిగా పుట్టింది. లండన్ బెడ్‌ఫర్డ్ కాలేజీలో చదివి, ఎక్స్‌రేలతో స్ఫటికాలని పరిశీలించే డబ్ల్యు. హెచ్. బ్రాగ్ దగ్గర పరిశోధనలో చేరింది. 1927లో పెళ్లి. ఇక పరిశోధన మానేసి ఇల్లు చూసుకుందామా అని ఆమె ఆలోచిస్తే, జీతంలేని పనిమనిషి కోసం తాను పెళ్లి చేసుకోలేదన్నాడు భర్త థామస్. ఇద్దరూ లీడ్స్ వెళ్లారు.

అక్కడ ఆమె చేతికి హెక్సామిథైల్‌బెంజీన్ స్ఫటికాలు వచ్చాయి. బెంజీన్‌లో ఆరు కార్బన్లు వలయంగా ఉంటాయని 1865లోనే కెకూలే చెప్పాడు. ఆ వలయంలో ఒంటి బంధం, జంట బంధం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయనుకున్నారు. వలయం చదునుగా ఉంటుందా, వజ్రంలోలా ఎగుడుదిగుడుగా ఉంటుందా అన్నదీ తేలలేదు. 1929లో ఆమె తేల్చింది: వలయం చదునైన షడ్భుజి, ఆరు భుజాలూ సమానం. ఒక్కోటి సుమారు 1.42 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు. వజ్రంలో ఒంటి బంధం 1.54. జంట బంధం ఇంకా పొట్టి. ఆమె కొలత ఆ రెంటికీ మధ్యన నిలిచింది. వలయం ఎగుడుదిగుడని నమ్మిన గురువు బ్రాగ్ ఊహకి ఇది వ్యతిరేకం. అయినా ఆయన ఆమె వెంట నిలబడ్డాడు.

1929లో, 1931లో, 1934లో ముగ్గురు పిల్లలు పుట్టారు. ఆ ఏళ్లలో చాలాకాలం ఆమె ప్రయోగశాల ఇంట్లోని కాగితాలే. 230 రకాల స్ఫటిక సౌష్ఠవాలకి లెక్కల సూత్రాలు తయారుచేసింది. 1936లో ఆ పుస్తకం ఆమె చేతిరాతతోనే అచ్చయింది. తిరిగి ప్రయోగశాలకి రాగలిగింది ఎలా? ఇంటిపనికి మనిషిని పెట్టుకోవడానికి బ్రాగ్ డబ్బు ఏర్పాటు చేశాడు. బెంజీన్ పాఠంలో కెకూలే ఉంటాడు. ఈ డబ్బు ఉండదు, ఆ ఇంటి నేల తుడిచిన మనిషి అసలే ఉండదు.

తిరిగి వచ్చేసరికి ఎక్స్‌రే పరికరం ఖాళీ లేదు. ఒక పెద్ద విద్యుదయస్కాంతం ఉంది. దానితోనే పని మొదలుపెట్టింది. అప్పటికి కలకత్తాలో కె. ఎస్. కృష్ణన్ స్ఫటికాల అయస్కాంత గుణం ఒక్కో దిశలో ఒక్కోలా ఉండడాన్ని కొలుస్తున్నాడు. 1936లో ఇద్దరి పేర్లతో ఒక వ్యాసం వచ్చింది. ఇలాంటి కొలతలు బెంజీన్ వలయంలో కొన్ని ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకీ కట్టుబడకుండా వలయమంతా పరుచుకుంటాయన్న ఊహకి బలమిచ్చాయి. అలా పంచుకోవడం వల్ల వలయం మొత్తం శక్తి తగ్గి, నిలకడ పెరుగుతుంది.

1943లో ఆమె జైలుకి వెళ్లింది. యుద్ధాన్ని వ్యతిరేకించే క్వేకర్‌గా పౌరరక్షణ కోసం నిర్బంధ నమోదుకి ఒప్పుకోలేదు. 2 పౌండ్ల జరిమానా కట్టనంది. హాలోవే జైల్లో ఒక నెల గడిపింది. చిన్నపిల్లల తల్లిగా నమోదు చేసుకుంటే పని నుంచి మినహాయింపు దొరికేదే. ఆ మినహాయింపు ఆమెకి అక్కర్లేకపోయింది. రెండేళ్లకి, 1945లో, రాయల్ సొసైటీ తొలిసారి స్త్రీలని సభ్యులుగా తీసుకుంది. మార్జరీ స్టీఫెన్‌సన్‌తోపాటు ఆమెనీ. సంస్థ పుట్టింది 1660లో.

పరమాణువుల నుంచి కాపురాలకి నీతి లాగాలని కాదు నా ఉద్దేశం. అణువుకి పితృస్వామ్యం లేదు, దాని సమతూకాన్ని ఎవరూ నేర్పనక్కర్లేదు. మన ఇళ్లలో సమతూకం దానంతట అది రాదు, ఎవరో శక్తి పెట్టాలి. అందుకే శాస్త్రవేత్త స్త్రీల చరిత్ర రాసేటప్పుడు అసాధారణ ప్రతిభ అనో మంచి భర్త దొరికాడనో ముగిస్తే నాకు తృప్తిగా ఉండదు. ఆమె లెక్కలు చేసుకున్న గంటల్లో పిల్లల్ని ఎవరు చూశారు, ఆ చాకిరీకి ఎవరు ఎంత ఇచ్చారు అన్నది కూడా ఆవిష్కరణ చరిత్రే. మనం చెప్పుకునే తెలుగు పరిశోధకురాళ్ల విషయంలోనూ ఈ ప్రశ్న అడగాలి. నా సిద్ధాంత గ్రంథం కృతజ్ఞతల పేజీలో మా ఇంటి పనిమనిషి పేరు లేదని ఇది రాస్తుంటేనే నాకు గుర్తొచ్చింది.

ఉల్కల్లో దొరికిన షడ్భుజాకారపు వజ్రానికి 1960లలో లాన్స్‌డేలైట్ అని ఆమె పేరు పెట్టారు. చాలా కొద్దిగా, అదీ వేరేవాటితో కలగాపులగంగా దొరుకుతుంది కాబట్టి తన పేరు దానికి తగినదేనని ఆమె నవ్వుకుంది.