బిందువు తరువాత మూడో అంకె

ఒమాన్‌లో ఒక బిల్లు మీద 1.500 అని కనిపిస్తే దానర్థం ఒక రియాలు, ఐదు వందల బైసాలు. రూపాయలు, డాలర్ల లెక్కలో బిందువు తరువాత రెండంకెలకే అలవాటుపడిన కన్ను దాన్ని పదిహేను వందలుగా చదవబోయి ఆగుతుంది. ఆ మూడో అంకెకు ఒక చరిత్ర ఉంది. విశేషమేమంటే, అది భారతీయ రూపాయి దగ్గర మొదలవుతుంది.

1970 వరకు ఒమాన్ తీరప్రాంతపు అంగళ్ళలో చెలామణి అయినది రూపాయే. లోతట్టు ప్రాంతాల్లో మారియా థెరీసా వెండి నాణెం కూడా నడిచేది. బంగారం దొంగరవాణాకు చెల్లింపుగా రూపాయలు గల్ఫ్‌కు తరలిపోయి, తిరిగి వచ్చి, విదేశీ మారకద్రవ్యాన్ని హరిస్తూ ఉండటంతో 1959లో రిజర్వు బ్యాంకు ఆ ప్రాంతానికి మాత్రమే చెల్లే ప్రత్యేక నోట్లు ముద్రించింది. వాటి రంగు వేరు. వరుస సంఖ్యకు ముందు జెడ్ అక్షరం ఉండేది. కువైత్ 1961లో, బహ్రెయిన్ 1965లో రూపాయిని వదిలాయి. 1966 జూన్ 6న భారతదేశం డాలరు విలువను 4.76 రూపాయల నుంచి 7.50కి మార్చాక మిగిలినవారికీ నమ్మకం సడలింది. ఒమాన్ మాత్రం 1970 దాకా ఆగి, 21 రూపాయలకు ఒకటి చొప్పున రియాల్ సయీదీని ప్రవేశపెట్టింది. బైసా అన్న పేరు మన పైసాయే; అరబ్బీలో ‘ప’ ధ్వని లేదు.

అంత పెద్ద నాణ్యాన్ని వంద భాగాలు చేసి ఉంటే ఒక్కొక్క భాగం 21 పైసలయ్యేది. కొత్తిమీర కట్టకు చిల్లర పుట్టదు. వెయ్యి భాగాలు చేయడంతో బైసా రెండు పైసలకు కొంచెం ఎక్కువగా నిలిచింది. ఇదే ఉపాయాన్ని ఇరాక్ 1932లోనే పాటించింది: 13⅓ రూపాయలకు ఒక దీనారు, దీనారుకు వెయ్యి ఫిల్సులు.

కంప్యూటర్లకు ఈ సంగతి తెలియనిదేమీ కాదు. ద్రవ్యాల సంకేతాల ప్రమాణమైన ఐఎస్ఓ 4217లో రియాలుకు ఓఎంఆర్ అన్న అక్షరాలు, 512 అన్న సంఖ్య, మూడు దశాంశ స్థానాలు నమోదై ఉన్నాయి. రూపాయికి రెండు, జపాన్ యెన్‌కు సున్న. అడిగిన ప్రోగ్రాముకు సరైన జవాబు దొరుకుతుంది. చిక్కంతా అడగని ప్రోగ్రాముతోనే. కోబాల్ కాలం నుంచీ డబ్బు గడి అంటే చివర రెండు దశాంశాలు అని రాసుకోవడం అలవాటు; అదే డిఫాల్టుగా డేటాబేసుల్లోకి, ఫోను తెరల్లోకి దిగింది.

దీనివల్ల వచ్చే తప్పులు రెండు రకాలు. ఒమాన్‌లో 2021 ఏప్రిల్ 16 నుంచి 5 శాతం విలువ ఆధారిత పన్ను ఉంది. 300 బైసాల వస్తువు మీద పన్ను 15 బైసాలు, అంటే 0.015. రెండంకెల తెర దాన్ని 0.02 అనో, 0.01 అనో చూపుతుంది. రెండోది ఇంకా ప్రమాదకరం. కార్డు చెల్లింపులకు వాడే ఐఎస్ఓ 8583 సందేశాల్లో మొత్తం బిందువు లేకుండానే ప్రయాణిస్తుంది. బిందువు ఎక్కడో ద్రవ్య సంకేతాన్ని బట్టి తెలుసుకోవాలి. 1500 అని వచ్చినదాన్ని రెండంకెల అలవాటుతో చదివితే రియాలున్నర కాస్తా పదిహేను రియాళ్ళవుతుంది.

గోదావరి జిల్లాల నుంచి, కడప, కరీంనగర్ల నుంచి ఒమాన్ వెళ్ళిన కూలీలకు, ఇంటిపని చేసే స్త్రీలకు ఇది గడి లెక్క కాదు. జీతం చీటీలో 112.375 అని ఉండి, ఫోనులో 112.37 అని కనిపిస్తే పోయినది ఐదు బైసాలు, ఇంచుమించు ఒక రూపాయి. నష్టం స్వల్పమే. కాని తెర తాను అంకెను కత్తిరించానని ఎక్కడా చెప్పదు. రెండు కాగితాలు ఎందుకు కలవలేదో అడగటానికి ఆమె దగ్గర మాట ఉండదు. పైగా అరబ్బీ అంకెల్లో సున్న ఒక చుక్క, ఐదు ఒక గుండ్రన. తెలుగు కంటికి ఐదే సున్నలా, సున్న దశాంశ బిందువులా కనిపిస్తుంది.

అంగట్లో మాత్రం ఈ చిక్కేదీ లేదు. అక్కడ ఎవరూ బిందువును పలకరు. ‘ఐదు వందల బైసా’ అంటారు. అతి చిన్న నోటు మీద కూడా 100 బైసాలనే ఉంటుంది, 0.100 అని కాదు.