విక్రాంత నౌకయు బంగాళాఖాతమును
(అగ్రరాజ్యముల స్పర్ధాకాలమున భారత నౌకావైమానిక దళము)

ఆంధ్రుల సముద్రయాన చరిత్రను ప్రస్తావించు వారెల్లరును శాతవాహనుల ఓడగుర్తు నాణెములను స్మరించుట పరిపాటి. ఆ ఓడలు తేలియాడిన తూర్పు సముద్రమే 1971వ సంవత్సరమున రెండు అగ్రరాజ్యముల బలప్రదర్శనకు రంగస్థలమైన వృత్తాంతము మాత్రము తెలుగున అంతగా వ్రాయబడలేదు. ఆ వృత్తాంతమునకు నడుమ నిలిచినది విక్రాంత అను విమానవాహక నౌక. విశాఖపట్టణము, చెన్నపట్టణము, కోయంబత్తూరు మండలము - తెలుగువారు నివసించు ఈ తావులన్నింటికిని ఆ చరిత్రలో భాగము కలదు.

1945లో రెండవ ప్రపంచ యుద్ధము ముగిసినది మొదలు 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమగు వరకు అమెరికా, సోవియట్ రాజ్యములు పరస్పర విరోధముతో మెలగినవి. ఇరుపక్షములకును అణ్వాయుధము లుండుటచే ముఖాముఖి యుద్ధమునకు ఎవరును సాహసింపలేదు. బలమును చూపి భయపెట్టుట, మిత్రులకు ఆయుధము లొసగుట వారి మార్గములయ్యెను. సముద్రముపై వారు భిన్నమైన త్రోవలు త్రొక్కిరి. అమెరికా మహాకాయములగు విమానవాహక నౌకలను నిర్మించెను. సోవియట్ రాజ్యము చిరకాలము అట్టి నౌకలు లేకయే జలాంతర్గాములను, క్షిపణులను, తీరమునుండి ఎగిరి సముద్రముపై దూరసంచారము చేయు విమానములను నమ్ముకొనెను. ఈ రెండు పద్ధతులును కాలక్రమమున భారతదేశమునకు చేరినవి.

భారత నౌకాదళమునకు తొలి విమానస్థావరము 1953 మే నెలలో కొచ్చిన్‌లో గరుడ అను పేర వెలసినది. నౌక మాత్రము కొనవలసివచ్చెను. బ్రిటిషువారు యుద్ధకాలమున ఆరంభించి, యుద్ధము ముగియుటచే 1946లో నిర్మాణము నిలిపివేసిన హెర్క్యులిస్ అను ఓడను 1957లో భారత ప్రభుత్వము కొని బెల్‌ఫాస్టు నగరమున పూర్తి చేయించెను. 1961 మార్చి 4వ తేదీన విజయలక్ష్మీ పండిట్ ఆ నౌకను విక్రాంత నామముతో దళమున చేర్చిరి. అదే సంవత్సరము నవంబరు 3న అది బొంబాయి చేరగా ప్రధాని నెహ్రూ స్వాగతమొసగిరి.

ఇంచుమించు 700 అడుగుల పొడవుగల ఓడపైనుండి జెట్ విమానము లేచుట ఎట్లను ప్రశ్న సహజము. ఆవిరి ఒత్తిడితో పనిచేయు యంత్రము విమానమును వడిసెలరాయివలె ముందునకు విసరును. ఓడ గాలికెదురుగ వేగముగ పోవుచుండిననే విమానపు రెక్కలకు చాలినంత పట్టు చిక్కును. తిరిగివచ్చునప్పుడు విమానపు తోకయందలి కొక్కెము ఓడపై అడ్డముగ పరచిన ఉక్కుత్రాటిని తగుల్కొనవలెను. తగుల్కొనకున్నచో వెంటనే మరల ఎగురుటకు వీలుగ దిగుబాట ఓడకు ఏటవాలుగ నిర్మింపబడినది. 1961 మే నెలలో ఈ నౌకపై మొదటి జెట్ విమానమును దింపిన భారతీయుడు, తరువాతి కాలమున నౌకాదళాధిపతియైన తహిలియాని.

ఈ విద్యకు నేలమీది పాఠశాలయు వలసియుండెను. విమానచోదకుల స్థావరమగు హంస 1961 సెప్టెంబరులో కోయంబత్తూరునకు సమీపమున సూలూరునందు నెలకొల్పబడెను. తరతరములుగ తెలుగు కుటుంబములు సేద్యమును, నేతను, మిల్లులను ఆశ్రయించి స్థిరపడిన మండలమది. సముద్రమునకు దూరమైన ఆ మెట్టభూమిపై సముద్ర విమానములు సంచరించెను. 1964లో ఆ స్థావరము గోవాలోని దబోలిమునకు తరలిపోయెను.

నౌకయు సీహాక్ జెట్ విమానములును బ్రిటనువి. జలాంతర్గాములను వెదకు అలిజే విమానములు ఫ్రాన్సువి. జలాంతర్గాములు కావలసివచ్చినప్పుడు పాశ్చాత్య దేశములతో బేరము కుదరక, 1965లో సోవియట్ రాజ్యముతో ఒడంబడిక జరిగెను. ఆ సాయముననే విశాఖ నౌకాస్థావరము విస్తరించినది. 1968లో తూర్పు నౌకాదళ విభాగము అచట ఏర్పడెను. ఇటు పాకిస్తాను అమెరికానుండి ఘాజీ అను జలాంతర్గామిని 1963లో అద్దెకు పొందెను. అగ్రరాజ్యముల పందెపు పావులు ఈ విధముగ బంగాళాఖాతమునకు చేరుచుండెను.

1965 యుద్ధకాలమున విక్రాంత మరమ్మతులలో నుండుటచే పాల్గొనలేకపోయెను. 1970లో మరియొక విపత్తు వాటిల్లెను. బాయిలరుల నీటిపీపాలలో పగుళ్లు కనుపించినవి. వాటిని అతికించుటకు వీలులేదు. క్రొత్తవి బ్రిటనునుండి రావలసియుండెను. యుద్ధమేమో సమీపించుచుండెను. రెండవ యుద్ధమునను రేవులో నిలిచిపోయినచో, విమానవాహక నౌకకై దేశము చేసిన వ్యయమును సమర్థింపగలవా రెవ్వరు? చోదకులు పదేండ్లు నేర్చిన విద్య వ్యర్థము కాదా? కాని పగిలిన బాయిలరుతో వందలాది నావికులను సముద్రముపైకి పంపుటయు సామాన్యమైన సాహసము కాదు. నౌకాదళాధిపతి నందా మధ్యమార్గ మవలంబించిరి. ఆవిరి ఒత్తిడిని తగ్గించి పరీక్షింపగా వేగము గంటకు 14 నాటికల్ మైళ్లకు, అనగా సుమారు 26 కిలోమీటర్లకు పరిమితమయ్యెను. నిర్మాణమునందలి పూర్తి వేగము 24కు మించినది. వేగము తగ్గిన ఓడకు గాలియే దిక్కు. అయినను విక్రాంతను పశ్చిమ తీరమునుండి తూర్పునకు పంపిరి.

పాకిస్తాను నౌకాదళమున బంగాళాఖాతము దాక రాగల జలాంతర్గామి ఘాజీ యొక్కటియే. దాని గురి విక్రాంత. తూర్పు విభాగాధిపతి కృష్ణన్ ఆ నౌకను అండమాను దీవుల మరుగున దాచి, అది విశాఖలోనే యున్నదని శత్రువు భ్రమించునట్లు చేసిరి. నౌకకు చాలునంత భోజన సామగ్రిని విశాఖ వర్తకులకు పురమాయించిరి. రాజపుత్ర అను చిన్న నౌకచేత విక్రాంత పంపునట్టి వార్తలను పంపించిరి. డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రమున విశాఖరేవు చెంత పెద్ద ప్రేలుడు వినవచ్చెను. తెల్లవారిన పిదప జాలరులకు తేలియాడు శిథిలములు దొరకెను. ఘాజీ 90 మందికి పైగా నావికులతో మునిగిపోయినది. రాజపుత్ర విసరిన జలాంతర బాంబులే కారణమని భారతీయులు, తమ సొంత మందుపాతరయో లోపలి ప్రేలుడో కారణమని పాకిస్తానీయులు నేటికిని వాదింతురు.

డిసెంబరు 4వ తేదీ పగలు 8 సీహాక్ విమానములు విక్రాంతనుండి లేచి కాక్స్‌బజారు విమానస్థలమును, పిదప చిట్టగాంగు రేవును తాకెను. తరువాతి దినములలో ఖుల్నా, మంగ్లా రేవులును గురియయ్యెను. వేగము తక్కువయగు అలిజే విమానములు రాత్రులందు దాడి చేసెను. తూర్పు నౌకాసమూహమునకు నాయకుడు ఒడిశాకు చెందిన రియర్ అడ్మిరల్ శర్మ. విక్రాంతకు కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్. సముద్రద్వారము మూసివేయబడుటచే తూర్పు పాకిస్తాను సేనలకు బయటనుండి సాయమందుటకు గాని, ఓడలలో తప్పించుకొనుటకు గాని దారి లేకపోయెను.

ఇంతలో అగ్రరాజ్యములు ప్రత్యక్షమైనవి. అదే సంవత్సరము ఆగస్టులో భారతదేశము సోవియట్ రాజ్యముతో మైత్రీ సంధి చేసికొనియుండెను. డిసెంబరు 10న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఎంటర్‌ప్రైజ్ నౌక నాయకత్వమున ఒక నౌకాసమూహమును బంగాళాఖాతమునకు పోవ నాజ్ఞాపించెను. ఢాకాలోని అమెరికనులను తరలించుటకని చెప్పబడినను, బలము చూపుటయే ఉద్దేశమని తరువాత వెల్లడియైన అమెరికా ప్రభుత్వ పత్రములు తెలుపుచున్నవి. ఎంటర్‌ప్రైజును విక్రాంతవలెనే 1961లో దళమున చేరినది. పోలిక అంతటితో సరి. దాని పొడవు 1,100 అడుగులకు పైగా. దానిని నడపునవి 8 అణుయంత్రములు. విక్రాంతకు పగుళ్లువారిన బాయిలరులు! సోవియట్ యుద్ధనౌకలు అమెరికా నౌకలను వెంబడించినవి. ఎవరును తుపాకి పేల్చలేదు. ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతమున ప్రవేశించిన మరునాడే, డిసెంబరు 16న, ఢాకాలో పాకిస్తాను సేన లొంగిపోయెను. మహానౌక వచ్చుసరికి చిన్ననౌక తన పని ముగించియుండెను.

అనంతరకాలమున ఇరుమార్గములును సాగినవి. బ్రిటనునుండి 1983లో సీహారియర్ విమానములు, 1987లో విరాట నౌక వచ్చెను. సోవియట్ రాజ్యమునుండి 1977లో ఇల్యూషిన్-38, 1988లో టుపోలెవ్-142 విమానములు చేరెను. టుపోలెవ్ విమానములు 1992లో చెన్నపట్టణమునకు సమీపమున అరక్కోణమందలి రాజాలి స్థావరమునకు మారి, 2017 వరకు సేవ చేసినవి.

విక్రాంత 1997లో విశ్రాంతి పొంది, కొంతకాలము బొంబాయిలో ప్రదర్శనశాలగ నుండి, 2014లో తుక్కునకు పోయెను. కొచ్చిన్‌లో భారతీయులే నిర్మించిన నూతన నౌక 2022లో ఆ నామమును ధరించెను. నేడు విశాఖ సముద్రతీరమున సోవియట్ జలాంతర్గామి కుర్సురయు, సోవియట్ విమానము టుపోలెవ్-142ను ప్రదర్శనకై నిలిచియున్నవి. వాటికెదురుగ సముద్రగర్భమున అమెరికా నిర్మించిన ఘాజీ పడియున్నది. రెండు అగ్రరాజ్యముల స్పర్ధ ఒక తెలుగు నగరపు ఒడ్డున ఇట్లు ముద్రపడినది.

అగ్రరాజ్యము లిచ్చిన పనిముట్లు కాలముతోపాటు తుక్కయినవి. వానిని వాడ నేర్చిన విద్యయే నిలిచినది. నౌకాధిపతుల పేర్లు గ్రంథముల కెక్కినవి. విశాఖ అంగడులలో సరకులు తూచినవారు, శిథిలములు తెచ్చిన జాలరులు, సూలూరు పొలములపై జెట్ విమానములను చూచిన రైతులు వాని కెక్కలేదు. ఆనాటి సంగతులెరిగిన వృద్ధులు ఇంకను కొందరున్నారు. వారి నోట వినదగినది విని, తెలుగున వ్రాసి భద్రపరచుట తెలుగు సంఘములు ఆలస్యము చేయరాని కార్యము.