ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము

ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము కొమర్రాజు వేంకట లక్ష్మణరావు (1877 - 1923) సంపాదకత్వంలో వెలువడిన గ్రంథం. ఆధునిక పద్ధతిలో, అకారాది క్రమంలో కూర్చిన తొలి తెలుగు విజ్ఞాన సర్వస్వంగా దీనికి పేరుంది. ఇది అసంపూర్ణంగా నిలిచిపోయినా తరువాతి ప్రయత్నాలకు దారి చూపింది. ఆ ప్రయత్నాలలో గోదావరి డెల్టాకు చెందిన చరిత్రకారుడు మల్లంపల్లి సోమశేఖర శర్మ పాత్ర ముఖ్యమైనది.

నేపథ్యం

1906లో హైదరాబాదులో లక్ష్మణరావు, మిత్రులు కలసి విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకను చరిత్ర ఈ మండలి తొలి ప్రచురణ. చరిత్ర, శాస్త్ర విషయాలను తెలుగులో అందించాలనే ఆశయమే విజ్ఞాన సర్వస్వానికి మూలం.

రచనా విధానం

బ్రిటానికా వంటి ఆంగ్ల గ్రంథాలు దీనికి ఆదర్శం. అయితే ఫిలడెల్ఫియాలో థామస్ డాబ్సన్ 1789 - 1798 మధ్య ముద్రించిన అమెరికా తొలి విజ్ఞాన సర్వస్వం చాలావరకు బ్రిటానికా పాఠానికే మార్పులు చేర్చిన ముద్రణ. తెలుగు సంపాదకునికి ఆ వెసులుబాటు లేదు. వ్యాసాలతో పాటు శాస్త్ర పరిభాషను కూడా సమకూర్చుకోవలసి వచ్చింది.

మొదటి సంపుటం 1915లో వెలువడింది. మూడు సంపుటాలు వచ్చినా అవి "అ" అక్షరానికే సరిపోయాయి. సంస్కృతంలో వ్యతిరేకార్థాన్నిచ్చే "అ" ఉపసర్గ వలె చేరి ఏర్పడిన పదాలు అసంఖ్యాకం కావడం వలన తెలుగులో ఈ అక్షరం చాలా విస్తృతమైనది. పని కొనసాగుతుండగానే 1923లో లక్ష్మణరావు మరణించాడు.

పునర్ముద్రణ

ఆంధ్రపత్రిక వ్యవస్థాపకుడు కాశీనాథుని నాగేశ్వరరావు 1930లలో ఈ కృషిని తిరిగి చేపట్టాడు. 1938లో ఆయన మరణంతో అదీ ఆగిపోయింది.

గోదావరి డెల్టాతో సంబంధం

సోమశేఖర శర్మ (1891 - 1963) పశ్చిమ గోదావరి జిల్లా పోడూరు మండలంలోని మినుమించిలిపాడులో జన్మించాడు. లక్ష్మణరావు వద్దనూ, నాగేశ్వరరావు వద్దనూ, ఆ తరువాత తెలుగు భాషా సమితిలోనూ విజ్ఞాన సర్వస్వ నిర్మాణంలో పనిచేశాడు. ఇద్దరు నిర్వాహకుల మరణం తరువాత కూడా ఆ అనుభవం తరువాతి తరానికి అందడానికి ఇటువంటి పండితులే కారణం.

తరువాతి ప్రయత్నాలు

1947లో ఏర్పడిన తెలుగు భాషా సమితి అకారాది క్రమాన్ని విడిచి, ఒక్కొక్క శాస్త్రానికి ఒక్కొక్క సంపుటం చొప్పున ప్రచురించింది. ఈ పద్ధతిలో పని మధ్యలో ఆగినా, వెలువడిన ప్రతి సంపుటం దానికదే సమగ్రంగా ఉంటుంది. హైదరాబాదు నుండి వెలువడిన సంగ్రహ ఆంధ్ర విజ్ఞాన కోశం మాత్రం అకారాది క్రమాన్నే అనుసరించి, ఎనిమిది సంపుటాలలో పూర్తయింది.