పద్మాపురపు తోట

జమీందారుల తోటలను చూడబోవువారు తొలుత మేడను చూచి పిదప పూలను చూతురు. అరకులోని పద్మాపురపు తోటలో మేడ లేదు. చెట్లపై నిలిపిన కుటీరములు కలవు. మా విద్యార్థులతో మేము పోయిన దినమున గులాబులు విరియబూచి యుండెను. అయినను ఈ తోట పుట్టినది పూలకొఱకు గాదు.

1942 ఏప్రిల్ 6వ తేదిని జపానువారు విశాఖపట్టణముపై బాంబులు వేసిరి. ఆ సంవత్సరముననే సైనికులకు కాయగూరలు పండించుటకై దీనిని వేసిరి. సుమారు మూడువేల అడుగుల యెత్తుననున్న యీ లోయలో, మైదానపు టెండకు తాళని కూరలు చక్కగ పండును గదా!

ఇంతవఱకు చెప్పి మేము కదలబోవగా నొక బాలిక, "మాస్టారూ, ఈ నేల యెవరిది? త్రవ్విన దెవరు?" అని యడిగెను.

1839లో నొక చట్టము ఈ కొండలను సామాన్య న్యాయస్థానముల నుండి తప్పించి, కలెక్టరునే ఏజెంటుగా జేసి యాతని చేతిలో పెట్టెను. 1917లో మఱియొకటి, ఏజెంటు అనుమతి లేనిదే కొండజాతులవారి భూములు పరుల పాలు గాకూడదని శాసించెను. అది పుట్టిన పాతికేండ్లకు ఈ తోట పుట్టినది. సైనికులు తినిన సంగతి అందఱును చెప్పుదురు. త్రవ్వినవారి ప్రస్తావన తెచ్చువారు అరుదు. మేమును ఆ పిల్ల యడుగువఱకు తేలేదు.

ద్వారము వెలుపల నొక కొండస్త్రీ గంపలో కూరలు పెట్టుకొని యమ్ముచుండెను. బాలిక పోయి యామె ప్రక్కన గూర్చుండి మాటలాడసాగెను. మేము బండి నాపించితిమి.