ఇది ఆ తుపాకీ కాదు

పోయిన సంక్రాంతి సెలవుల్లో నలుగురు స్నేహితులం ఒకచోట చేరి ఒక ఆట ఆడాం. ఒకరు ఫోన్లోంచి ఏదైనా సినిమా శబ్దం మూడు సెకన్లు వినిపించాలి. మాటలుండకూడదు, పాట ఉండకూడదు. మిగతావాళ్లు సినిమా పేరు చెప్పాలి. ‘జాస్’ రెండు స్వరాలకి ఒక్క సెకను కూడా పట్టలేదు. ‘సైకో’ వయొలిన్లు మొదలవ్వకముందే చెప్పేశారు. ‘షోలే’ మౌత్ ఆర్గాన్ అయితే పక్కగదిలోంచి మా ఆవిడ అరిచి చెప్పింది. నా వంతు వచ్చినప్పుడు కొంచెం కష్టంగా ఉండాలని ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ నుంచి సంగీతం లేకుండా ఒక్క తుపాకీ చప్పుడు వినిపించాను. మాలో ఒకడు ఆ సినిమాని ఎన్నిసార్లు చూశాడో వాడికే లెక్క లేదు. వాడు తల అడ్డంగా ఊపి, “ఏదో కొత్త సినిమారా ఇది” అన్నాడు. పేరు చెప్తే ఒప్పుకోలేదు. “ఇది ఆ తుపాకీ కాదు” అని కూర్చున్నాడు.

ఆ రాత్రి గెలిచానని నవ్వుకున్నాను గానీ, తర్వాత వెతికితే వాడిదే నిజమని తేలింది. నేను వినిపించింది నా దగ్గరున్న డిస్క్‌లోని 5.1 ట్రాక్. అందులోని తుపాకీ చప్పుళ్లు చాలావరకు 1966 నాటివి కావు. 2003లో సినిమాని పునరుద్ధరించి, కత్తిరించిన సన్నివేశాల్ని మళ్లీ కలిపినప్పుడు, కొత్త స్పీకర్లకి సరిపోయేలా చప్పుళ్లు కూడా కొత్తవి వేశారు. ఆ సన్నివేశాలకి ఇంగ్లిష్ మాటలు అసలు లేవు. అందుకని డెబ్భై దాటిన క్లింట్ ఈస్ట్‌వుడ్, ఎనభై దాటిన ఈలై వాలక్ స్టూడియోకి వచ్చి, తమ పడుచు ముఖాలకి ముసలి గొంతులు అరువిచ్చారు. లీ వాన్ క్లీఫ్ 1989లోనే పోయాడు కాబట్టి ఆయనకి ఇంకెవరో చెప్పారు. ఆ గొంతుల తేడా ఎవరికైనా తెలుస్తుంది. తుపాకీ తేడా మాత్రం మా వాడి లాంటి చెవులకే తెలుస్తుంది.

చెవితో గుర్తుపట్టడం అనగానే నాకు ముందు గుర్తొచ్చేది మా అమ్మమ్మ. ఆవిడకి కళ్లలో శుక్లాలు. విజయవాడ కేంద్రం నుంచి సంక్షిప్త శబ్ద చిత్రం వచ్చే వేళకి రేడియో పక్కన పీట వేసుకుని కూర్చునేది. సినిమాని మాటలు, చప్పుళ్లుగా గంటలోకి కుదించి వినిపించే కార్యక్రమం అది. బొమ్మ ఉండదు. పేరు చెప్పే వేళకి మనం రేడియో పెట్టకపోయినా, మధ్యలో పెట్టినా ఆవిడకి ఇబ్బంది లేదు. వాన చప్పుడు రాగానే “మల్లీశ్వరిరా, మండపంలో ఉన్నారు” అనేది. వాన ఏ సినిమాలోనైనా వానే కదా అని నేను. “ఆ వాన వేరు, ఈ వాన వేరు” అని ఆవిడ. అప్పుడు నవ్వాను.

సినిమాకి మాట వచ్చిన కొత్తలోనే ఇలాంటి చెవి మీద కథంతా నిలబెట్టినవాడు ఫ్రిట్జ్ లాంగ్. 1931లో జర్మనీలో తీసిన ‘ఎం’ ఆయన మొదటి శబ్ద చిత్రం. పిల్లల్ని చంపే హంతకుడు ఒక పాపకి బుడగ కొనిపెడుతూ ఈల వేస్తాడు. గ్రీగ్ రాసిన ‘పియర్ గింట్’లోని స్వరం అది. బుడగలమ్మేవాడు గుడ్డివాడు. కొన్నాళ్లకి అదే ఈల వీధిలో మళ్లీ వినబడితే, ఊరంతా గాలిస్తున్న పోలీసులకి దొరకని మనిషిని ఆ గుడ్డివాడు పట్టేస్తాడు. హంతకుడి వేషం వేసిన పీటర్ లోరీకి ఈల వేయడం రాదు, ఆ ఈల లాంగే వేశాడని చెబుతారు. కొత్తగా మాటలొచ్చాయి కదా అని అందరూ సినిమా నిండా మాటలు కుక్కుతున్న రోజుల్లో, లాంగ్ చాలాచోట్ల అసలు శబ్దమే లేకుండా వదిలేశాడు. ఆ నిశ్శబ్దం ఉండబట్టే ఈల వినపడగానే ఒళ్లు జలదరిస్తుంది.

‘జాస్’లో జాన్ విలియమ్స్ చేసిందీ దాదాపు ఇదే. ఆ రెండు స్వరాలూ పియానో మీద వాయించి చూపిస్తే స్పీల్‌బర్గ్ వేళాకోళం అనుకుని నవ్వాడట. అందరూ ఆ స్వరాల్ని పొగుడుతారు గానీ, నాకు వాటికన్నా అవి వినబడని చోటు ఇష్టం. ఇద్దరు కుర్రాళ్లు అట్టముక్కతో చేసిన రెక్క కట్టుకుని జనాన్ని బెదిరించే సన్నివేశంలో ఆ సంగీతం రాదు. అంటే ఆ సంగీతం మనతో అబద్ధం ఆడదు. దాన్ని నమ్మడం నేర్చుకున్నాక, పడవ వెనక ఏ హెచ్చరికా లేకుండా సొరచేప నోరు తెరుచుకుని పైకొస్తుంది. ‘సైకో’ సంగతి మీకు తెలిసిందే. స్నానాల గది సన్నివేశానికి సంగీతమే వద్దన్నాడు హిచ్‌కాక్. బెర్నార్డ్ హెర్మన్ వినకుండా రాసి తెచ్చాడు. కత్తి దిగే చప్పుడు మాత్రం ఒక రకం ఖర్బూజాని పొడిచి పట్టింది.

మళ్లీ లియోనీ దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఆయనది మన పద్ధతికి బాగా దగ్గర. ఆనాటి ఇటాలియన్ సినిమాల్లో షూటింగ్ అప్పటి ధ్వని వాడేవారు కాదు. మన మద్రాసు డబ్బింగ్ థియేటర్లలోలాగే మాటా, అడుగూ, గుర్రం డెక్కా అన్నీ తర్వాత స్టూడియోలో చేర్చినవే. అందుకని లియోనీ సినిమాల్లో ఏ చప్పుడూ అనుకోకుండా పడింది కాదు, ఒకరు ఎంచి పెట్టింది. 1964లో ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’కి పెద్ద ఆర్కెస్ట్రా పెట్టుకునే డబ్బు లేక, ఎన్నియో మోరికోనె కొరడా దెబ్బల్నీ, తుపాకీ చప్పుళ్లనీ, అలెస్సాండ్రో అలెస్సాండ్రోని ఈలనీ వాయిద్యాలుగా వాడేశాడు. 1966 సినిమాకి వచ్చేసరికి కయోటీ ఊళ లాంటి ఒకే స్వరాన్ని ముగ్గురికి పంచాడు. మంచివాడికి ఫ్లూటు, చెడ్డవాడికి ఒకరినా, వికారికి మనిషి గొంతు. తుపాకీ కూడా వాయిద్యమే అయిన చోట, తుపాకీని మార్చడమంటే బ్యాండులో ఒక మనిషిని మార్చినట్టే కదా?

ఇక్కడ కాస్త నా వృత్తి మాట. ఆనాటి ఫిల్ము అంచున ముద్రించిన ఆప్టికల్ మోనో ట్రాక్‌లో గరగర ఎక్కువ. దాన్ని అణచడానికి థియేటర్లలో పై శ్రుతుల్ని కోసేసేవారు. 1930ల చివర్లో హాలీవుడ్‌లో కుదిరిన ఆ ప్రమాణాన్ని అకాడమీ కర్వ్ అంటారు. దాని ప్రకారం 8,000 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి మిగిలేది బహు తక్కువ. అంత ఇరుకు సందులోంచి తుపాకీ దూరి ప్రేక్షకుడి చెవిలో పడాలి. నిజం తుపాకీ అయితే ఠప్పుమని చచ్చిపోతుంది. అందుకని మధ్య శ్రుతుల్లో పొడుగ్గా సాగే, రాతికి తగిలి కుయ్యిమనే చప్పుడు తయారుచేశారు. వాస్తవంగా ఉండదు, నిజమే. కానీ ఆ ఎడారి కూడా వాస్తవం కాదు, స్పెయిన్‌లో తీసిన అమెరికా. నేను రెండు ట్రాకులూ పక్కపక్కన పెట్టి స్పెక్ట్రోగ్రామ్ తీశాను. కొత్తదాంట్లో కింద బరువు, పైన మెరుపు, అన్నీ ఉన్నాయి. ఆ కుయ్యి లేదు.

ఇది ఒక్క సినిమాకి జరిగింది కాదు. 1996లో ‘వెర్టిగో’ పునరుద్ధరణలో అడుగుల దగ్గర్నుంచి చప్పుళ్లు మళ్లీ చేశారు. 2000లో వచ్చిన ‘జాస్’ డీవీడీలో అసలు మోనో ట్రాకే లేదు. అభిమానులు గోల చేశాక 2005 నాటి డిస్క్‌లో ఇచ్చారు. రంగు కాస్త తేడా వస్తే విమర్శకులు పేజీలు పేజీలు రాస్తారు. చప్పుడు మారితే అడిగేవాళ్లు తక్కువ. మన పాత సినిమా టైటిల్స్‌లో ‘శబ్దగ్రహణం’ అని ఒక పేరు పడుతుంది, మనం పాప్‌కార్న్ సర్దుకునే వేళలో. ఆ మనిషి చేసిన పనిని ఇంకొకరు తుడిచేసి మళ్లీ చేయవచ్చని ఎవరు నిర్ణయించారు?

ఈ మాట అనడానికి నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది. కలిసిపోయిన ట్రాక్‌ని గొంతు, వాయిద్యం, చప్పుడు అంటూ విడదీసే మోడల్స్‌ని నేనూ సరదాకి ఆడించి చూశాను. అవి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. కానీ వేరుచేసేటప్పుడు మధ్యలో ఖాళీలు పడితే, అక్కడ ఉండి ఉండొచ్చు అనుకున్నదాన్ని నింపుతాయి. 1989లో వచ్చిన ‘శివ’ 2025 నవంబర్‌లో 4కెలో మళ్లీ విడుదలైనప్పుడు, పాత మోనో ధ్వనిని ఏఐ సాయంతో డాల్బీ అట్మాస్‌లోకి మార్చారు. వెళ్లి చూశాను. సైకిల్ చెయిన్ లాగే చోట హాలు మొత్తం లేచింది, వాళ్లతో పాటు నేనూ లేచాను. ఇళయరాజా సంగీతం చుట్టూ తిరుగుతుంటే ఎవడికి బాగుండదు? బాగుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇంటికొచ్చాక మాత్రం, నేను చిన్నప్పుడు టీవీలో విన్న చెయిన్ ఇదేనా అని అనుమానం పట్టుకుంది. పోల్చుకోవడానికి నా దగ్గర జ్ఞాపకం తప్ప ఏమీ లేదు. జ్ఞాపకం కూడా ఖాళీల్ని నింపుతుంది కదా, మోడల్ కన్నా ధైర్యంగా.

ఫోన్లో పాట పేరు చెప్పే షజామ్ లాంటివి మనిషిలా గుర్తుపట్టవు. అవి రికార్డింగ్‌లోని శిఖరాల్ని, వాటి మధ్య వ్యవధిని లెక్కగా మార్చి దాచుకుంటాయి. అదే స్వరాన్ని మీరు ఈల వేస్తే ఆ లెక్క కలవదు. ‘ఎం’లోని గుడ్డివాడు అలా కాదు, ఆ మనిషి మళ్లీ వేసిన ఈలని పట్టాడు. మా అమ్మమ్మ గరగరలాడే రేడియోలో వానని పట్టింది. మా వాడు మాత్రం ఆ రాత్రి యంత్రంలా ప్రవర్తించాడు, నాకు తెలిసి అది పొగడ్తే. కొత్త ట్రాక్ వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ పాతది కూడా అదే డిస్క్‌లో, అదే యాప్‌లో పక్కన ఉండాలి. ఆడియో మెనూలో ఇంకో వరస, అంతే పని. ఆ వరస లేకపోతే పదేళ్ల తర్వాత ‘ఇది కాదు’ అని చెప్పగలిగేవాడే ఉండడు.

మా వాడికి అసలు మోనోలోని మూడు సెకన్లు పంపించాను. ఏమీ రాయకుండా పేరు మాత్రం తిరిగి పంపాడు. ‘శివ’కి అలా పంపడానికి నా దగ్గర పాత వీసీడీ ఒకటి దొరికింది, కాలేజీ రోజుల్లో కోఠి ఫుట్‌పాత్ మీద కొన్నది. రెండో డిస్క్ మీద గీతలున్నా మొదటిది బాగానే ఉంది. దాన్ని ఆడించే డ్రైవ్ మా ఇంట్లో ఏ లాప్‌టాప్‌కీ లేదు. మీ దగ్గరుంటే చెప్పండి.