పులుపు తగలని రాయి కోసం

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో దాదాపు 3.8 మీటర్ల పొడవున్న రాతిబల్ల ఒకటి ఉంది. 16వ శతాబ్దంలో రోమ్‌లోని ఫర్నేసే ప్రాసాదం కోసం కార్డినల్ అలెస్సాండ్రో ఫర్నేసే చేయించుకున్నది. నమూనా గీసింది వీన్యోలా అనే వాస్తుశిల్పి. పైభాగమంతా రంగురంగుల చలువరాళ్లు పొదిగిన పని. నడుమ ఈజిప్టు అలబాస్టర్ పలకలు రెండు. మనిషి చేతి నేర్పుకు అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. అయితే ఆ బల్ల మీద కోసిన నిమ్మచెక్క ఒకటి కాసేపు బోర్లా పడి ఉంటే, దాని కింద మెరుపు చచ్చి గుండ్రటి మచ్చ మిగులుతుంది. కార్డినల్ ఇంటి రాయైనా, మన ఊరి మార్బుల్ షాపులో రాయైనా ఆ విషయంలో ఒక్కటే.

చలువరాయి, ఆ ఈజిప్టు అలబాస్టర్, మన నాపరాయి... మూడింటిలోనూ ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బనేట్, అంటే సున్నపు పదార్థం. పులుపు తగలగానే అది కరిగి, కార్బన్ డయాక్సైడ్‌గా కొంత ఎగిరిపోతుంది. అందుకే ఇది మరక కాదు. పసుపో నూనెనో రాతి రంధ్రాల్లోకి ఇంకితే మరక. తంటాలు పడి కొంతవరకు లాగేయొచ్చు. పులుపు చేసిన మచ్చలో రాయే కాస్త పోయింది. ఎంత తుడిచినా రాదు, మళ్లీ పాలిష్ పట్టాల్సిందే. చింతపండు చారు, నిమ్మకాయ పులిహోర, గోంగూర, మామిడికాయ పప్పు, చివర పెరుగు... ఇదీ మన భోజనం. డైనింగ్ టేబుల్‌కు రాయి ఎంచుకునే తెలుగు ఇల్లు మొదట అడగవలసింది రంగు గురించి కాదు, పులుపు గురించి.

ఆనాటి ఐరోపా ధనికులకు ఈ ఇబ్బంది పెద్దగా రాలేదు. 1588లో ఫెర్డినాండో మెడిచీ ఫ్లోరెన్స్‌లో రాతిపొదుగు పనికి ప్రత్యేకంగా కార్ఖానా పెట్టించాడు. అక్కడ తయారైన బల్లలు అతిథులు చూసి మెచ్చుకోవడానికి. విందులకు మామూలు చెక్కబల్లలు వేసి, వాటి మీద తెల్లటి గుడ్డ పరిచేవారు. రాతిబల్ల మీద రోజూ తినాలన్న ఆలోచన అలవాటుగా మారింది చాలా తర్వాతే.

ఆ అలవాటుకు ఆధునిక రూపం ఇచ్చినవారిలో ఈరో సారినెన్ ముఖ్యుడు. ఫిన్లాండ్‌లో పుట్టి అమెరికాలో పేరు తెచ్చుకున్న ఈ వాస్తుశిల్పికి కుర్చీల కింద, బల్లల కింద కాళ్ల గుంపు కనిపిస్తే చిరాకు. 1957లో ఫర్నిచర్ చేసే నోల్ కంపెనీ కోసం నడిమధ్య ఒకే కాడతో నిలబడే బల్లను రూపొందించాడు. తులిప్ టేబుల్‌గా ప్రపంచమంతా ఎరిగిన ఈ బల్లకు పైపలక చలువరాయిదైతే ఆ అందమే వేరు. నేటికీ నోల్ ఆ బల్లను తయారు చేస్తోంది. ఆ చలువరాయి మీద మాత్రం పారదర్శకమైన పాలియెస్టర్ పూత ఉంటుంది. రాయిని తాకాలన్న ఆశతో కొన్న మనిషి చేతికి తగిలేది పూత. పులుపుకు తట్టుకోలేని రాయిని భోజనాల బల్లకు వాడితే ఏదో ఒక రాజీ తప్పదన్నమాట. హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో చలువరాతి బల్లలు దశాబ్దాలు నిలిచాయంటే, వాటి మీదకు వచ్చింది ఎక్కువగా చాయ్, ఉస్మానియా బిస్కట్. పప్పుచారు కాదు.

మన నేల మీదికొస్తే, మొదట చెప్పుకోవలసింది కడప రాయి, అంటే మన నాపరాయి. బ్రిటిష్ పాలనలో జియలాజికల్ సర్వే ఉద్యోగి విలియం కింగ్ కడప, కర్నూలు ప్రాంతపు శిలలన్నిటినీ పరిశీలించి 1872లో పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఈ నాపరాళ్ల పొరకు కడప జిల్లాలోని నార్జి పేరే భూగర్భశాస్త్రంలో నిలిచింది. ఎప్పటిదో సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద గట్టిపడి, పుస్తకం పుటల్లా పొరలు పొరలుగా ఏర్పడిన రాయి అది. క్వారీలో ఉలి, సుత్తితో సందు చూసి కొడితే పలకగా ఊడి వస్తుంది. పెద్ద యంత్రాలు లేని రోజుల్లోనే బేతంచెర్ల, జమ్మలమడుగు, తాడిపత్రి వైపు నుంచి ఇంటింటికీ బండలు చేరాయంటే కారణం ఈ పొరల గుణమే. అవతల తాండూరు, షాబాద్ బండలదీ ఇదే స్వభావం. పొయ్యి గట్టుకు, అటకకు, అలమరలో అరకు, గడపకు కడప బండే. మన ఇళ్లకు ఇంత చేసిన రాయికి ఇంటి అలంకరణ పుస్తకాల్లో దక్కిన గౌరవం చాలా తక్కువ. అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

దాన్ని భోజనబల్లకు వాడొచ్చా? వాడొచ్చు. నల్లటి పాలిష్ మీద పులుపు పడితే బూడిద రంగు మచ్చ తేలుతుంది. కొబ్బరినూనె రాస్తే కొన్నాళ్లు కనుమరుగవుతుంది, మళ్లీ తేలుతుంది. అద్దంలాంటి పాలిష్ వద్దని మొదటే మెరుపు లేకుండా నూరించుకుంటే మచ్చలు అంతగా కళ్లబడవు.

మచ్చే పడకూడదనుకుంటే ప్రకాశం జిల్లా చీమకుర్తికి రావాలి. నల్లటి రాతిలో రాగి మెరుపుల చుక్కలున్న గెలాక్సీ గ్రానైట్ అక్కడిదే. విమానాశ్రయాల నుంచి వంటిళ్ల దాకా ప్రపంచమంతా పరుచుకున్న రాయి. వ్యాపారంలో గ్రానైట్ అంటున్నా, భూగర్భశాస్త్రం ప్రకారం ఇది గాబ్రో జాతి శిల. భూమి లోతుల్లో కరిగిన శిలాద్రవం నెమ్మదిగా చల్లారి ఏర్పడింది. ఆ చుక్కలు పైరాక్సిన్ ఖనిజానివి. సున్నం లేదు కాబట్టి చింతపండు దీన్నేమీ చేయలేదు. మామూలు గ్రానైట్‌లో బాగా ఉండే స్ఫటిక సిలికా, అంటే క్వార్ట్జ్, ఇందులో బహు తక్కువ. ఈ రెండో మాట కొనేవాళ్లకు ఎవరూ చెప్పరు. నిజానికి దాని విలువ చాలా పెద్దది.

ఎందుకో తెలియాలంటే ఇటలీ వెళ్లాలి. కాస్తెల్లో ది గొదేగోలో మార్చెల్లో తొంచెల్లి 1963లో బ్రెటన్ కంపెనీ స్థాపించాడు. క్వార్ట్జ్ పొడిని, రెసిన్‌ను కలిపి, గాలి తీసేసి, కంపిస్తూ అదిమి పలకలుగా చేసే పద్ధతి ఆ కంపెనీదే. పలకలో తొంభై శాతానికి పైగా క్వార్ట్జే. పులుపు అంటదు, పసుపు తేలిగ్గా ఇంకదు, కత్తి గీత తేలిగ్గా పడదు. బాగా కాలిన గిన్నె పెడితే మాత్రం రెసిన్ మాడుతుంది. చలువరాయి గీతలను ఇందులో అచ్చంగా దించగలిగారు. 1987లో ఇజ్రాయెల్‌లోని స్దోత్ యామ్ కిబ్బుట్జ్‌లో, అంటే సమష్టి గ్రామంలో, ఈ పలకలు చేసే సీజర్‌స్టోన్ కంపెనీ మొదలైంది. తర్వాత విశాఖ దగ్గర అచ్యుతాపురంలోనూ ఈ పద్ధతి పలకల ఫ్యాక్టరీ వచ్చింది. పులుపు తగలని రాయి కోసం సాగిన వెతుకులాట అక్కడితో ముగిసినట్టే కనిపించింది.

అయితే అదే ఇజ్రాయెల్ వైద్యులు 2012లో ప్రచురించిన పరిశోధన ఆ ఊరటను చెదరగొట్టింది. ఈ పలకలను కోసే పని చేసి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు పాలైన 25 మంది వివరాలు అందులో ఉన్నాయి. వాళ్లంతా ఊపిరితిత్తుల మార్పిడి అవసరమా అని పరీక్షకు వచ్చినవారు. కంటికి కనపడని క్వార్ట్జ్ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు, అక్కడి కణజాలం గట్టిపడిపోతుంది, నయం చేసే మందు లేదు. ఆస్ట్రేలియాలోనూ యువ కార్మికులు వరుసగా జబ్బుపడ్డారు. 2024 జులై 1 నుంచి ఆ దేశం ఈ పలకల తయారీని, సరఫరాను, కోతను, బిగింపును నిషేధించింది. ప్రపంచంలో అలా చేసిన మొదటి దేశం అదే. మన దేశంలో రాతి కార్మికులకు ఈ జబ్బు కొత్తేమీ కాదు. రాజస్థాన్ ప్రభుత్వం 2019లో దీనికోసం ప్రత్యేక విధానమే తెచ్చింది.

పూర్తయి ఇంట్లో నిలబడిన క్వార్ట్జ్ బల్ల తినేవాళ్లకు ఏ హానీ చేయదు. హానంతా కోసేవాడికే. అందుకే నన్నడిగితే రోజూ తినే బల్లకు చీమకుర్తి నల్లరాయి అంటాను. మచ్చలతో బతకగలిగే ఇంటికి కడప రాయి. చలువరాయి మీద మనసు పడితే తినే బల్లకు వద్దు, హాల్లో పూలకుండీ కింద పెట్టుకోండి. పేరు చూసి నమ్మకుండా షాపులో చిన్న ముక్క అడిగి తెచ్చుకుని, దాని మీద రాత్రి నిమ్మరసం చుక్క వేసి తెల్లారి కడిగి చూడండి. సున్నపు రాయైతే అక్కడే తెలిసిపోతుంది.

ఏ రాయి తీసుకున్నా అంచుల మోల్డింగ్, మూలల గుండ్రం ధూళి లేవకుండా నీళ్లు పారే మెషీన్ మీద షాపులోనే చేయించండి. ఫ్లాట్ బాల్కనీలో చేతి కట్టర్‌తో పొడిగా కోస్తానని మేస్త్రీ అంటే ఒప్పుకోవద్దు. కొలతలు ముందే సరిగా ఇచ్చి, కోత పని మిగలకుండా బిగించడానికి మాత్రమే ఇంటికి రమ్మనండి.