గల్ఫ్‌ జైలుకు ఇంటి కబురు చేరేదెలా?

జగిత్యాల: గల్ఫ్‌కు వలస వెళ్లిన వారు కేసుల్లో చిక్కుకుంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లోని వారి కుటుంబాలకు మొదట ఎదురయ్యే చిక్కు సమాచారమే. మనిషి ఏ జైలులో ఉన్నాడో, కేసు ఏమిటో తెలియనిదే న్యాయవాది సైతం ముందడుగు వేయలేడు.

ఖైదీకి ఉన్న హక్కు
1963 నాటి వియన్నా కాన్సులర్‌ సంబంధాల ఒప్పందంలోని 36వ అధికరణం ప్రకారం, నిర్బంధంలో ఉన్న వ్యక్తి కోరితే ఆ విషయాన్ని జాప్యం లేకుండా అతని దేశ కాన్సులేట్‌కు తెలపాలి. అతడు కాన్సులేట్‌కు రాసిన లేఖను చేరవేయాలి. కాన్సులర్‌ అధికారులు జైలుకు వెళ్లి కలుసుకోవచ్చు, ఉత్తరప్రత్యుత్తరాలు జరపవచ్చు, న్యాయవాదిని ఏర్పాటు చేయవచ్చు. అయితే పలు దేశాల్లో గోప్యతా చట్టాల వల్ల ఖైదీ సమ్మతి లేనిదే అధికారులు వివరాలు వెల్లడించరు. అందువల్ల అతడు ఇంటికి ఫోన్‌ చేసిన తొలిసారే, భారత కాన్సులేట్‌కు తెలపాలని జైలు అధికారులను కోరమని కుటుంబసభ్యులు చెప్పాలి. కేసు నంబరునూ అడిగి రాసుకోవాలి.

కుటుంబం చేయాల్సినవి
పాస్‌పోర్టు, వీసా నకళ్లతో విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన ‘మదద్‌’ వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేయాలి. అక్కడి వకీలును నియమించుకునేందుకు ఇచ్చే అధికారపత్రానికి నోటరీతో పాటు అవసరమైన ధ్రువీకరణలు, అరబ్బీ అనువాదం సిద్ధం చేసుకోవాలి. వకీలు ఖర్చు భరించలేని పేదలు 2009లో ఏర్పాటైన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి న్యాయ సహాయం కోరుతూ రాయబార కార్యాలయానికి దరఖాస్తు చేయవచ్చు.

సిరిసిల్ల అనుభవం
నేపాల్‌కు చెందిన కాపలాదారు హత్య కేసులో దుబాయిలో శిక్ష పడిన సిరిసిల్ల ప్రాంతవాసుల విషయంలో ఒక్క పత్రం కీలకమైంది. కేటీఆర్‌ నేపాల్‌ వెళ్లి మృతుని కుటుంబానికి రూ.15 లక్షలు అందజేయగా, వారు క్షమాభిక్షకు సమ్మతిస్తూ పత్రం ఇచ్చారు. అయినా విడుదలకు ఏళ్లు పట్టింది. సుమారు 18 ఏళ్ల జైలు జీవితం అనంతరం ఐదుగురు 2024 ఫిబ్రవరి నాటికి స్వస్థలాలకు చేరుకున్నారు.

శిక్ష ఇక్కడే అనుభవించాలంటే
2003 నాటి ఖైదీల స్వదేశాగమన చట్టం, యూఏఈతో 2011లో కుదిరిన ఒప్పందం మేరకు మిగిలిన శిక్షను భారత్‌లో అనుభవించే వీలుంది. తీర్పు అంతిమం కావాలి. సాధారణంగా కనీసం 6 నెలల శిక్ష మిగిలి ఉండాలి. ఖైదీతో పాటు ఇరు ప్రభుత్వాలూ సమ్మతించాలి. ఇందుకూ మొదట కావాల్సింది ఖైదీ దరఖాస్తే.